ఎలుగుబంటి ఎడమ చెయ్యి

మా నానమ్మ దౌలత్ నా గౌను ఎడమ చేతి మూతిని ఎర్ర దారంతో కుట్టేసిన రోజున కైరోలో ఎండ ఎంత మండిపోతోందంటే, మా మేడ కింద చిక్కుడు గింజల బండి లాగే గాడిద గోడ నీడ వదిలి రానని మొరాయించింది. అంత ఎండలో నాకు పొడుగు చేతుల గౌను! చెయ్యి లోపల, ముడి బయట.

"గింజుకోకే రావ్యా, సూది గుచ్చుకుంటుంది," అంది నానమ్మ దారం పళ్ళతో తెంపుతూ. "బడి తెరిచేలోపు నీకు కుడి చెయ్యి అలవాటు కావాలి. ఆ సనియ్యా టీచరమ్మ స్కేలు తీసిందంటే కణుపులు వాచిపోతాయి. ఆ దెబ్బలు నువ్వు తింటావా, నేను తినాలా?"

"నా చెయ్యి ఏం చేసింది నానమ్మా?"

"ఏమీ చెయ్యలేదు. చెయ్యకముందే జాగ్రత్త పడుతున్నా. ఎడమ చేత్తో తినేవాడు సైతాను ఒక్కడే. నువ్వు సైతాను కూతురివా, షౌకత్ కూతురివా?"

నేను షౌకత్ కూతురినే, సందేహం లేదు. కానీ ఎడమ చేత్తో తినేవాడు సైతాను ఒక్కడే కాదని నాకు తెలుసు. హందూక్ కూడా తినేవాడు. అయితే ఆ సంగతి మా ఇంట్లో నాకూ నాన్నకూ తప్ప ఎవరికీ తెలియదు.

హందూక్ ఎలుగుబంటి. ప్రతి శుక్రవారం పొద్దున ఎదురింటి ఉమ్ ఫిక్రీ, అంటే ఫిక్రీ వాళ్ళమ్మ, ఇంటి టీవీలో వచ్చేవాడు. పెద్ద హోటల్లో వంటవాడు. అతిథులు వచ్చేలోపు పులుసు రుచి చూస్తూ చూస్తూ కుండ ఖాళీ చేసేవాడు. దొరికిపోతే గరిటె గుండెకి ఆనించుకుని, "రుచి చూస్తున్నానంతే!" అనేవాడు. మా వీధిలో ఆ మాట అనని పిల్లలు లేరు. మా నానమ్మ కూడా, అన్నం కూరి చుట్టిన ద్రాక్షాకులు పొయ్యి మీద నుంచే నోట్లో వేసుకుంటూ అమ్మకి పట్టుబడితే అదే అనేది.

ఆ కార్టూన్ బొమ్మలతో నెలకో పత్రిక వచ్చేది. బొమ్మలు పరాయి దేశం నుంచి ఫిల్ములుగా వచ్చేవి. ఆ బొమ్మల నోటి పక్క బుడగల్లోకి అరబ్బీ మాటలు రాసేవాడు మా నాన్న. పైన శీర్షిక రెల్లు కలంతో, లోపలి మాటలు సన్న పాళీతో. ఆఫీసులో ఇరుకుగా ఉంటుందని సగం పని ఇంటికే తెచ్చుకునేవాడు. వాళ్ళ పుస్తకాలు ఎడమ నుంచి కుడికి నడుస్తాయి, మావి కుడి నుంచి ఎడమకి. అందుకని ఫిల్మును బోర్లా తిప్పి అచ్చు తీసేవారు. అప్పుడు పేజీ మొత్తం అద్దంలో చూసినట్టు తిరగబడేది. గోడ మీద గడియారం వెనక్కి నడిచేది, చొక్కా గుండీలు అటు నుంచి ఇటు వచ్చేవి, హందూక్ గరిటె ఎడమ చేతిలోకి మారేది.

గడియారాన్ని ఎవరూ పట్టించుకోరు. ఎడమ చేత్తో వంట చేసినా ఊరుకుంటారు. ఎడమ చేత్తో తింటే మాత్రం ఊరుకోరు. కాబట్టి హందూక్ తినే బొమ్మలన్నిటినీ నాన్న కత్తెరతో కోసి తీసేసి, వాటి చోట తిప్పకుండా తీసిన అచ్చు అతికించేవాడు. పత్రిక వీధిలోకి వచ్చేసరికి వాడు బుద్ధిమంతుడిలా కుడి చేత్తో తింటూ ఉండేవాడు. ఎడమ చేత్తో తినేది మా నాన్న బల్ల మీద ఉన్నంతసేపే. అతిథులున్నప్పుడు ఒక మర్యాద, ఇంట్లో ఉన్నప్పుడు ఒక అలవాటు అందరికీ ఉంటాయి కదా, వాడి ఇల్లు మా నాన్న బల్ల అన్నమాట. నేనలాగే అనుకునేదాన్ని. అంత గొప్పవాడు మా ఇంట్లో ఇంటివాడిలా తింటున్నందుకు నాకు భలే గర్వంగా ఉండేది.

సాయంత్రాలు పని ముగిశాక నాన్న కుడి అరచేతి అంచు నల్లగా మసిలా ఉండేది. కుడి నుంచి ఎడమకి రాసేటప్పుడు కుడి చెయ్యి తడి అక్షరాల మీదుగానే జరగాలి, సిరా అంటక తప్పదు. నానమ్మ నిమ్మచెక్క మీద ఉప్పు చల్లి, ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని తోమేది. పెళ్ళై బిడ్డ పుట్టినవాడు, చంటివాడిలా చెయ్యిచ్చి కూర్చునేవాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లు పడుకునేది. కిటికీ చెక్కలు మూసేస్తే వాటి సందుల్లోంచి వెలుతురు చారలు చారలుగా నేల మీద పడేది. ఎక్కడో దూరంగా మామిడిపళ్ళ వాడి కేక, అది కూడా నిద్రలో అరుస్తున్నట్టుండేది. నాకు నిద్ర పట్టేది కాదు. మామిడిపండు ఒక చేత్తో తినమంటే ఎవరికి కుదురుతుంది? రసం మోచేతి దాకా కారేది, లోపలి చెయ్యి సాయం రానా అని తన్నుకునేది. నాకు ఏడుపొచ్చేది.

అప్పుడు నాన్న పక్కన పడేసిన అచ్చు కాగితం ఒకటి తీసుకుని బీరువా అద్దం ముందు నిలబడేదాన్ని. అద్దంలో హందూక్ కుడి చేత్తో తినేవాడు. నా ఎదురుగా ఉన్న పిల్లకి కుట్టు కుడి చేతికి ఉండేది, ఎడమ చెయ్యి హాయిగా బయట ఉండేది. నేను జుట్టు వెనక్కి తోసుకుంటే ఆ పిల్ల ఎడమ చేత్తో తోసుకునేది. ఆ పిల్లని తిట్టే నానమ్మ అద్దంలో ఎక్కడా కనపడేది కాదు. నేను అటు వెళ్ళిపోతే సరి, హందూక్ ఇటు వచ్చేస్తే సరి, ఎవరి చెయ్యి వాళ్ళకి సరిపోతుంది. చల్లటి గచ్చు మీద చెంప ఆనించి పడుకుంటే నిజంగానే వచ్చేవాడు. అద్దంలోంచి పొట్ట ముందు, తల తరవాత. వెలుతురు చారల మీద కూలబడి, నా మామిడి టెంక అందుకుని చీకుతూ, "రుచి చూస్తున్నానంతే," అని గుసగుసగా అనేవాడు, నానమ్మ లేస్తుందని. వాడి బొచ్చుకి జిగురు వాసన వేసేది.

వేసవి ప్రత్యేక సంచిక పని మొదలైంది. ఓడలో పెద్ద విందు, వంటవాడు హందూక్. ఇంక చెప్పేదేముంది, పేజీ పేజీకీ తిండే. నాన్న కత్తెర తీశాడు. నేను ఆయన మోచేతి దగ్గర గడ్డం ఆనించి చూస్తున్నాను. కేకు ముక్క పట్టుకున్న ఎడమ చెయ్యి దగ్గరికి కత్తెర వచ్చింది.

"నాన్నా, వాడి చెయ్యి కూడా కుట్టేస్తున్నావా?" అన్నాను.

కత్తెర ఆగింది. నాన్న నా వైపు తిరిగాడు, నా మొహం చూడలేదు, ఎర్ర దారం చూశాడు. తరవాత కత్తెర సొరుగులో పెట్టి, బాల్కనీలోకి వెళ్ళి సిగరెట్టు వెలిగించాడు. ఆ రోజు మరి పని చెయ్యలేదు.

సంచికలో హందూక్ ఎడమ చేత్తోనే తిన్నాడు. అది వచ్చిన మర్నాడు వీధి వీధంతా తలకిందులైంది.

"ఒరే ఫిక్రీ! ఆ చెయ్యి తియ్యి నోట్లోంచి!" ఉమ్ ఫిక్రీ అరుపు మూడో అంతస్తు దాకా వినపడింది.

"రుచి చూస్తున్నానంతే అమ్మా!"

"సగం రొట్టె మింగి రుచి చూడటమేంట్రా?"

"ఎడమ చేత్తో అయితే రుచి, కుడి చేత్తో అయితే తిండి. హందూక్ అంతే కదా!"

పిల్లలకి ఒక్క రోజులో కొత్త చట్టం దొరికింది. ఎడమ చేత్తో ఎంత తిన్నా అది తిన్నట్టు కాదు, కడుపు లెక్కలోకి రాదు, తమ్ముడి వాటాలోంచి తిన్నా తప్పు లేదు. అరుగుల మీద, మెట్ల మీద, బండి చుట్టూ అన్నీ ఎడమ చేతులే. నేను బాల్కనీ చువ్వల మధ్య తల పెట్టి చూస్తున్నాను. వీధిలో ఒక్కదానికే ఎడమ చెయ్యి లేదు, నాకే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ చేశాను.

నానమ్మ నా వెనక నిలబడి ఊగిపోయింది. "ఇది రాసినవాళ్ళ చేతులు పడిపోను! పసిపిల్లల్ని సైతాను పాలు చేస్తున్నారు!"

మా అమ్మ నిమాత్ తడి బట్టలు ఆరేస్తూ, తల తిప్పకుండా అంది: "అంత మాట అనకండి అత్తయ్యా. ఆ చేతులు మీ అబ్బాయివే."

నానమ్మ గిరుక్కున తిరిగింది. లోపలికి వెళ్ళి ప్రార్థన చాప మీద కూర్చుంది. ఇంకా అజాన్ కూడా కాలేదు.

రెండు రోజులకే మదామ్ ఇగ్లాల్ మా ఇంటికి వచ్చింది. పత్రిక సంపాదకురాలు. మెట్లెక్కి వచ్చిన ఆయాసంతో సోఫాలో కూలబడి, చుట్టచుట్టిన సంచికతో విసురుకుంది. అమ్మ నిమ్మరసం తెచ్చింది.

"హగ్గా, మీ అబ్బాయి నా కొంప ముంచాడు," అంది నానమ్మతో. పెద్దవయసు ఆడవాళ్ళని మా ఊళ్ళో గౌరవంగా అలా పిలుస్తారు. "ఒక బడి పెద్దమ్మ ఫోను చేసి, మీ ఎలుగుబంటికి తల్లీ తండ్రీ లేరా అని అడిగింది. నేనేం చెప్పను?"

నానమ్మకి అది తన మనసులో మాటే. అయినా పరాయి మనిషి కొడుకుని అనేసరికి గడ్డం పైకి లేచింది. "మా వాడు ఏది చేసినా ఊరికే చెయ్యడు. ముందు ఆ నిమ్మరసం తాగు తల్లీ, చల్లారిపోతుంది," అంది. నిమ్మరసంలో ఐసు ఉంది.

మదామ్ నాన్న వైపు తిరిగింది. గొంతు తగ్గించింది. "ఉస్తాద్ షౌకత్, మర్చిపోయారు కదూ? మర్చిపోయానని ఒక్క మాట అనండి. పైవాళ్ళకి అదే చెప్పుకుంటాను, గండం గడుస్తుంది."

నాన్న లేచి నిలబడే ఉన్నాడు. మసి చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. "మర్చిపోలేదు మదామ్."

"మరి?"

"ఒక్క నెల వాడు వాడి చేత్తో తింటే ఎలా ఉంటుందో చూద్దామనిపించింది."

"ఉస్తాద్, వాడు ఎలుగుబంటి!"

"అవును మదామ్," అన్నాడు నాన్న. మా నాన్న అబద్ధం ఆడలేడు, అదొక జబ్బు ఆయనకి. చూపు మాత్రం నా గౌను మీదికి వచ్చింది. మదామ్ కూడా అటే చూసింది. నేను గబుక్కున ఆ చేతిని వీపు వెనక్కి పెట్టుకున్నాను.

మదామ్ గ్లాసు ఖాళీ చేసి లేచింది. "వచ్చే సంచికలో వాడు కుడి చేత్తో తినాలి. లేకపోతే ఆ బల్ల దగ్గర ఇంకొకరు కూర్చుంటారు. నేను ఆపలేను, నా మాట నమ్మండి." గుమ్మం దగ్గర ఆగి, నా తల మీద చెయ్యి వేసి నిమిరి వెళ్ళింది.

నానమ్మ తిడుతుందని అందరం కాచుకుని ఉన్నాం. తిట్టలేదు. సాయంత్రం నిమ్మచెక్క పట్టుకుని నాన్న దగ్గరికి వచ్చింది, చెయ్యి తోమింది, వెళ్ళిపోయింది.

నాన్న మళ్ళీ కత్తెర తీశాడు. హందూక్ తినే బొమ్మలు ఒక్కొక్కటే కోసి, అతికించి, అంచులు గోటితో నొక్కుతుంటే నేను ఆ గదిలోకి వెళ్ళడం మానేశాను. నాన్న మీద నాకు కోపం వచ్చింది. ఉద్యోగం పోతే ఏం తింటామని అమ్మ నచ్చజెప్పబోయింది. ఏ చేత్తో తింటాం అని నేను ఎదురడిగాను. మధ్యాహ్నాలు హందూక్ రావడం మానేశాడు. అద్దంలో నేనూ, ఆ కుట్టూ మిగిలాం.

వేసవి చివరికొచ్చింది. ఖర్జూరాలు ఎర్రబడి బళ్ళ మీదికి వచ్చాయి. నానమ్మ నా బడి గౌను కుట్టడం మొదలుపెట్టింది. కుడి చేత్తో బలపం పట్టుకుని గీస్తే నా అక్షరాలు మెట్ల మీద జారిపడ్డవాళ్ళలా ఉండేవి.

ఒకరోజు మధ్యాహ్నం నానమ్మ బాల్కనీలో పళ్ళెం ముందు పెట్టుకుని ములూఖియ్యా అనే ఆకుకూర తుంచుతోంది. నేను పక్కన కాడలు ఏరుతున్నాను, ఒక చేత్తోనే. నాన్న వచ్చి మా ఎదురుగా గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. చేతిలో కొత్త రెల్లు పుల్ల, కలాలు చెక్కే చాకు.

"రావ్యా, ఇటు చూడు," అన్నాడు. "కలం పాళీ నిటారుగా ఉండదు, ఏటవాలుగా కోస్తాం. ఆ వాలు కుడి చేతికోసం. నా కలం నీ ఎడమ చేతికిస్తే గీత లావుగా రావాల్సిన చోట సన్నగా వస్తుంది. అది నీ చేతి తప్పు కాదు, కలం తప్పు."

"షౌకత్," అంది నానమ్మ హెచ్చరికగా.

నాన్న వినిపించుకోలేదు. పుల్లని కుడి చేత్తో చెక్కాడు, చీల్చాడు, లోపలి మెత్తటి పొట్టు గీకేశాడు. వాలు కోయాల్సి వచ్చేసరికి ఆగాడు. చాకుని ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు. ఆలోచించలేదు, గురి చూసుకోలేదు. టక్కున ఒక్క కోత. ముక్క ఎగిరి వచ్చి నానమ్మ పళ్ళెంలో పచ్చటి ఆకుల మీద పడింది.

నానమ్మ వేళ్ళు ఆగిపోయాయి. ఆ ముక్క తీసి చూసింది. చాకు ఉన్న చేతిని చూసింది.

"ఆ చెయ్యి ఇంకా బతికే ఉందా?" అంది.

"ఎక్కడికి పోతుందమ్మా," అన్నాడు నాన్న.

"నీకు నేను కుట్టలేదు. మీ నాన్న తలగుడ్డతో నడుముకి కట్టేశాను. ఒక చలికాలమంతా." నానమ్మ ఆ ముక్కని పిడికిట్లో మూసింది. "నువ్వు ఒక్కసారి కూడా ఏడవలేదే?"

"నువ్వు చూస్తుండగా ఏడవలేదు."

అంతే అన్నాడు. నేను నాన్న చేతిని చూస్తున్నాను. ఎన్నోసార్లు నన్ను ఎత్తుకున్న చెయ్యే, అయినా మొదటిసారి చూసినట్టుంది. ఆయన కలాన్ని నోటితో ఊది, నా ఒళ్ళో పెట్టి, లేచి లోపలికి వెళ్ళిపోయాడు. నానమ్మ మళ్ళీ ఆకు తుంచడం మొదలుపెట్టింది. ఆకులు పక్కన పడేస్తోంది, కాడలు పళ్ళెంలో వేస్తోంది. నాకు చెప్పడానికి ధైర్యం చాల్లేదు.

కాసేపటికి, "ఇటు రావే," అంది. నన్ను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, గౌను చేతి మూతి నోటి దగ్గరికి తీసుకుని, ఎర్ర దారాన్ని పళ్ళతో కొరికింది. కుట్టు విప్పుతుంటే ఆమె ఊపిరి నా వేళ్ళకి వెచ్చగా తగిలింది. నా చెయ్యి బయటికి వచ్చింది, పాలిపోయి, చెమటకి ముడతలు పడి. నానమ్మ దాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దింది.

"తినేది మాత్రం కుడి చేత్తోనే. నేను బతికున్నంతకాలం ఇందులో బేరం లేదు."

"మరి రాసేది?"

"రాసేదాని సంగతి మీ నాన్నని అడుగు. నాకేమైనా చదువొచ్చా?" అంది, కళ్ళు ముంజేత్తో ఒత్తుకుంటూ.

కొత్త సంచిక బడి తెరిచే ముందు వచ్చింది. నానమ్మే మొదట తెరిచింది. హందూక్ మొదటి నుంచి చివరిదాకా కుడి చేత్తో తిన్నాడు, ఎవరూ వేలెత్తి చూపలేనంత బుద్ధిగా. ఒక పేజీలో మాత్రం హోటల్ గుమ్మం దగ్గర నల్లబల్ల మీద ఆ పూట వంటల పేర్లు రాస్తున్నాడు. ఎడమ చేత్తో. ఆ బొమ్మని నాన్న ముట్టుకోలేదు. బల్ల మీది అక్షరాలు మాత్రం ఎంత శ్రద్ధగా రాశాడంటే, అంత అందమైన పులుసు పేరు నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. మదామ్ ఇగ్లాల్ చూసి, "తినడం లేదు కదా, రాస్తున్నాడు. పోనీండి," అందట.

నానమ్మ ఆ బొమ్మ మీద వేలు పెట్టి చూసింది. తరవాత సంచికని మడిచి నల్ల దుపట్టా లోపల దోపుకుంది.

బడి మొదటి రోజు నన్ను దిగబెట్టింది అమ్మ కాదు, నానమ్మ. సనియ్యా టీచరు స్కేలు చేతిలోనే ఉంది. నేను సంచీలోంచి కలం తీసి ఎడమ చేత్తో పట్టుకోగానే ఆమె కనుబొమలు లేచాయి. గుమ్మంలోంచి కదలని నానమ్మ లోపలికి వచ్చేసింది.

"దీని కుడి చెయ్యి అన్నానికి, ఎడమ చెయ్యి అక్షరానికి. మా ఇంట్లో అంతే. కొట్టాలనుంటే ముందు నన్ను కొట్టు తల్లీ, ఆ పద్ధతి మొదలుపెట్టింది నేనే." సంచిక తీసి టీచరు బల్ల మీద పరిచింది. "ఇదిగో, నమ్మకపోతే చూడు."

"హగ్గా, ఇది ఎలుగుబంటి."

"అయితే? నీ తరగతిలో నీ మాట వినేవాళ్ళెందరు, వాడి మాట వినేవాళ్ళెందరు? అడిగి చూడు."

వెనక బెంచీలోంచి ఫిక్రీ గాడు, "రుచి చూస్తున్నానంతే!" అని అరిచాడు. తరగతి గొల్లుమంది. సనియ్యా టీచరు పెదవులు బిగబట్టుకుంది, అయినా నవ్వు ఆగలేదు. స్కేలు సొరుగులో పెట్టి, "కూర్చో అమ్మాయ్, రాయి," అంది నాతో.

ఆ రోజంతా రాశాను. పలక మీద కాదు, కాగితం మీద, సిరాతో, నాన్న కోసిన కలంతో. నా పేరే రాశాను, మళ్ళీ మళ్ళీ.

సాయంత్రం నాన్న వచ్చాక నానమ్మ నిమ్మచెక్క, ఉప్పు తెచ్చుకుని ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టింది. నాన్న కుడి చెయ్యి చాపాడు, ఎప్పటిలాగే నల్లగా ఉంది. నేను ఎడమ చెయ్యి చాపాను. నానమ్మ దాన్ని తిప్పి చూసింది, వేళ్ళ సందులు చూసింది, దీపం దగ్గరికి లాగి మళ్ళీ చూసింది. ఎక్కడా సిరా చుక్క లేదు. ఎడమ చెయ్యి అక్షరాల కంటే ముందు నడుస్తుంది, తెల్ల కాగితం మీదే జరుగుతుంది.

"రాశావా అసలు?" అంది.

కాగితం చూపించాను.

నానమ్మ ఆ కాగితాన్నీ, తన ఒళ్ళో పక్కపక్కనే ఉన్న మా రెండు చేతుల్నీ చూసింది. తరవాత నిమ్మచెక్క పళ్ళెంలో పడేసి, నాన్న ఎడమ చెయ్యి వెతికి పట్టుకుని చెంపకి ఆనించుకుంది.

"ఇన్నేళ్ళుగా నిమ్మకాయలన్నీ దండగ చేశానురా," అంది.